టర్కీ కోడి పారిపోయిన నవల

మా అత్తయ్యగారికి కుడికంటి శుక్లం ఆపరేషన్ డిసెంబరు రెండో వారంలో అమలాపురంలో చేయించాం. పావుగంటలో అయిపోయింది. ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు చెప్పిన జాగ్రత్తలన్నిటికీ ఆవిడ "ఆయ్, అలాగేనండి" అంటూ తల ఊపారు. తలస్నానం వద్దన్నారు, సరే. పొయ్యి దగ్గరికి వెళ్ళొద్దన్నారు, మరీ మంచిది. వంగి ముగ్గు వెయ్యొద్దన్నారు, దానికీ ఒప్పుకున్నారు. రెండు వారాలపాటు పుస్తకం, టీవీ, ఫోను జోలికి పోవద్దనేసరికి మాత్రం నల్ల కళ్ళద్దాలు డాక్టరుగారి వైపు తిప్పి, "మరి నేనేం చెయ్యాలండీ?" అని అడిగారు.

"విశ్రాంతి తీసుకోండమ్మా."

"అదెలా తీసుకుంటారండీ?"

ఆయన నా వైపు చూశారు. నేను చుక్కలమందు చీటీ అందుకున్నాను.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదమూడేళ్ళు. మా ఆయన కువైట్‌లో ఉద్యోగం చేస్తారు, ఏడాదికి ఒక నెల వస్తారు. మా అమ్మాయి రాజమండ్రిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాట్రేనికోన వెళ్ళే దారిలో ఉన్న ఆ ఇంట్లో మిగిలేది ముగ్గురం. అత్తయ్యగారు, కొబ్బరితోట చూసుకునే మావయ్యగారు, వెనకగదిలో కూచుని పత్రికలకు కథలు రాసుకునే నేను. ముగ్గురం మంచివాళ్ళమే గాని కబుర్లు చెప్పుకునే అలవాటు మాత్రం మాకు లేదు. భోజనం వేళ కూర గురించి రెండు మాటలు, కరెంటు పోతే దాని గురించి ఒక మాట. అంతటితో సరి.

ఆపరేషనైన మూడో రోజు పొద్దున్న అత్తయ్యగారు నన్ను పిలిచి, బీరువా మీదున్న రేకుపెట్టె దింపమన్నారు. అందులో పట్టుచీరల అడుగున గోధుమరంగు కాగితం అట్ట వేసిన పుస్తకం ఒకటుంది. అసలు అట్ట ఎప్పుడో పోయింది. మొదటి నాలుగు పేజీలు కూడా లేవు కాబట్టి పేరేమిటో, రాసింది ఆడో మగో ఎవరికీ తెలియదు. విడిపోతున్న పేజీలను జాకెట్లు కుట్టే దారంతో ఆవిడే కుట్టుకున్నారు.

"ఇది కిస్మస్ నవలే అమ్మాయ్," అన్నారు. "నాకు చదివి పెట్టు."

దాని సంగతి అప్పుడు చెప్పారు. ఆవిడ కొత్తగా కాపరానికి వచ్చిన రోజుల్లో ఊళ్ళో ఎలిమెంటరీ స్కూలుకి ఒక టీచరుగారు ఉద్యోగంలో చేరి వచ్చారట. రాజోలు వైపు వాళ్ళు, క్రైస్తవులు. పంట కాలువ అవతల అద్దెకు దిగారు. ఇద్దరిదీ ఒకే వయసు. ఆ టీచరుగారు చదవమని ఇచ్చిన పుస్తకం ఇది. ఆవిడ తిరిగి అడగలేదు, ఈవిడ తిరిగి ఇవ్వలేదు. నలభై అయిదేళ్ళుగా ఇద్దరూ దాని ఊసెత్తకుండా స్నేహంగా ఉన్నారు.

కంటిచుక్కలు రోజుకు నాలుగుసార్లు వేయాలి. వేశాక పది నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవాలి. ఆ పది నిమిషాలు చదువుదామని మొదలుపెట్టాను.

కథ తేలికైనదే. విశాఖపట్నంలో ఒక కంపెనీలో టైపిస్టుగా పనిచేసే అమ్మాయి. క్రిస్మస్ సెలవుల్లో నీలగిరి కొండల్లో ఒక టీ తోట బంగళాకు వెళుతుంది, అక్కడి ముసలావిడకు తోడుగా ఉండడానికి. ఆ ముసలావిడ మేనల్లుడు తోట మేనేజరు. పొడుగ్గా ఉంటాడు, స్వెట్టర్ వేసుకుంటాడు, ఎవరితోనూ సరిగ్గా మాట్లాడడు. రైల్వేస్టేషన్‌లో ఆ అమ్మాయి పెట్టె అతని కాలి మీద పడుతుంది. ఇంకేముంది, మిగిలిన ఇరవై అధ్యాయాలూ కొట్లాటే.

మూడో అధ్యాయంలో నాకు ఇబ్బంది వచ్చింది. వరండాలో మావయ్యగారు పేపరు చదువుకుంటున్నారు. మధ్యలో కిటికీ ఒకటే, అదీ తెరిచే ఉంది. పేజీలో ఒక పేరా చూసి, దాన్ని మెల్లిగా దాటేసి కింది నుంచి అందుకున్నాను.

"అమ్మాయ్, ఒక పేరా పోయిందే," అన్నారు అత్తయ్యగారు కళ్ళు తెరవకుండానే.

"ఏది అత్తయ్యగారూ?"

"అతని ఊపిరి ఆమె నుదుటిని తాకింది అని ఉండాలి. ఆమె రెప్పలు వాటంతట అవే వాలిపోయాయి అని ఉండాలి. ఆ తరవాతే కదా నువ్వు చదివిన 'ఛీ' అనేది. ఊపిరి తగలకుండా ఛీ అని ఎందుకంటుందే?"

"మావయ్యగారు వరండాలో ఉన్నారండీ," అన్నాను గొంతు తగ్గించి.

"ఆయనకి వినపడదులే. గట్టిగా చదువు."

పదమూడేళ్ళలో మొదటిసారి నేను ఆ ఇంట్లో పొట్ట పట్టుకుని నవ్వాను. నన్ను చూసి ఆవిడా నవ్వారు. నవ్వీ నవ్వీ సగంలో ఆపి, కంగారుగా కన్ను పట్టుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకుని, "కంటికేమన్నా అవుతుందేమో ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కో," అన్నారు. చేశాను. ఎత్తిన నర్సమ్మతో, "నవ్వొచ్చా అండీ?" అని అడిగాను. పక్కన ఎవరినో అడిగింది. తరవాత, "నవ్వొచ్చండి. నలుపుకోకుండా చూడండి," అంది.

అలా అనుమతి దొరికింది. పది నిమిషాలు గంటైంది. మధ్యాహ్నం చుక్కలకి అసలు టైము కాకుండానే, "అమ్మాయ్, చుక్కలు వెయ్యవా?" అని పిలవడం మొదలుపెట్టారు.

చదవడం మొదలుపెట్టిన నాలుగో రోజు సాయంత్రం టీచరుగారు పరామర్శకు వచ్చారు. రిటైరై నాలుగైదేళ్ళైంది, కాలువ అవతలే ఇల్లు కట్టుకున్నారు. నా చేతిలో పుస్తకం చూసి గుర్తుపట్టారు. "ఓహో, ఇది ఇక్కడుందాండీ వదినగారూ," అన్నారు. అత్తయ్యగారు నిద్రపోతున్నట్టు కదలకుండా పడుకున్నారు. టీచరుగారు కుర్చీ లాక్కుని, "పోనీలెండి, నేనూ వింటాను," అని కూచున్నారు.

ఆవిడ వచ్చాక ఆ నవలకు కొత్త కష్టాలు వచ్చాయి. రాసినవాళ్ళు క్రిస్మస్ ఎప్పుడూ దగ్గరనుంచి చూడలేదని మొదటి పది నిమిషాల్లో తేల్చేశారు. పండగ ముందురోజు హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి మూడు పేజీలపాటు చందమామను చూస్తుంది. టీచరుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు.

"ఎవరమ్మా అలా నిలబడేది? ఆ రోజు మా ఇంట్లో అరిసెల పాకం పొయ్యి మీద ఉంటుంది. జంతికల పిండి సగం కలిపి ఉంటుంది. కర్టెన్లు ఉతికి ఆరేసి ఉంటాయి, పిల్లల బట్టలు ఇంకా టైలర్ దగ్గరే ఉంటాయి. నక్షత్రంలో బల్బు వెలగదు. చందమామ ఎక్కడుందో కూడా తెలీదు మాకు."

"టైపిస్టు కదండీ, అరిసెలు రావేమో," అన్నారు అత్తయ్యగారు హీరోయిన్ పక్షాన.

"రాకపోతే ఇల్లన్నా తుడవాలి కదండీ."

ఆ గొడవ తేలకుండానే అయిదో అధ్యాయంలోకి వెళ్ళాం. అందులో హీరో ఊటీ బజారుకు వెళ్ళి ప్లమ్ కేకు తెస్తాడు. ఎవరికీ చెప్పకుండా, హీరోయిన్ గది కిటికీ గట్టు మీద పెట్టి వెళ్ళిపోతాడు. పొద్దున్న ఆమె కిటికీ తలుపు తెరిచి చూస్తుంది. కేకు చుట్టిన కాగితం మీద మంచు పడి ఉంటుంది. ఆమెకు అంతా అర్థమైపోతుంది.

అత్తయ్యగారు నిట్టూర్చారు. "చూడు, మాట లేదు, మంతీ లేదు. కిటికీ దగ్గర పెట్టి పోయేడు. ఇలాంటివన్నీ నవలల్లో మగాళ్ళకే తెలుస్తాయి."

వరండాలోంచి పేపరు మడిచిన చప్పుడు వినిపించింది.

"నేను పెట్టలేదా?" అన్నారు మావయ్యగారు.

ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. ఆయన లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాలుగు రోజులుగా ప్రతి మాటా వింటున్నారన్న సంగతి నాకు అప్పుడు తట్టింది. నుదురూ ఊపిరీ కూడా.

"ఏం పెట్టేరండీ?" అన్నారు అత్తయ్యగారు.

"కేకు. నీకు వంటింటి కిటికీలో పెట్టేను. పెళ్ళైన రెండో ఏడు."

అత్తయ్యగారు లేచి కూచున్నారు. మావయ్యగారు చెప్పింది ఇదీ. ఆ రోజుల్లో ఆవిడ ఈ నవల పట్టుకుని వదలడం లేదట. ఏముందో చూద్దామని, ఆవిడ పుట్టింటికి వెళ్ళినప్పుడు ఆయన తీసి చదివారు. అయిదో అధ్యాయం దాకా చదివేసరికి ఆవిడ తిరిగొచ్చేశారు. అంతటితో ఆగిపోయింది. కానీ కేకు సంగతి మనసులో పడింది. పండగ రోజుల్లో కాకినాడ పని మీద వెళ్ళి, అక్కడ బేకరీలో ప్లమ్ కేకు కొని, పేపర్లో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని, గోదావరి పంటు పడవ మీద దాటించి తెచ్చారు. తెల్లారకముందే వంటింటి కిటికీలో పెట్టి తోటకి వెళ్ళిపోయారు. మాట లేదు, మంతీ లేదు.

"ఆ కేకు మీరు తెచ్చేరా?" అన్నారు అత్తయ్యగారు. "ఎవరో కొబ్బరి వర్తకుడు ఇచ్చేడనుకున్నాను. మనింట్లో గుడ్డు వేసినవి తినరు కదా అప్పుడు. అత్తగారు చూస్తే గొడవని..."

"అని?"

"టీచరుగారికి పంపించేసేను."

టీచరుగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. "నేను తిన్నానండీ అన్నయ్యగారూ. చాలా బావుంది. వదినగారు ఎంత మంచివారో, పండక్కి గుర్తు పెట్టుకుని కేకు పంపించేరని మా వాళ్ళందరికీ చెప్పేను. బదులుగా పళ్ళెం నిండా అరిసెలు పంపించేను."

"అవి నేను తిన్నాను," అన్నారు మావయ్యగారు నెమ్మదిగా.

ఆ తరవాత ఎవరు ముందు నవ్వారో చెప్పలేను. టీచరుగారు కుర్చీలోంచి జారిపోతారేమోనని పట్టుకున్నాను. అత్తయ్యగారి కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి. నేను దూది పట్టుకుని, "నలపకండి, నలపకండి," అంటూ ఆవిడ చుట్టూ తిరిగాను. మావయ్యగారు మాత్రం నవ్వలేదు. గుమ్మానికి చేరగిలబడి, తన కేసు ఇన్నాళ్ళకి విచారణకు వచ్చిన మనిషిలా నిలబడ్డారు.

"నాకు చెప్పొచ్చు కదండీ," అన్నారు అత్తయ్యగారు చివరికి.

"చెప్పకూడదని పుస్తకంలో ఉంది కదా."

మర్నాడు ఆయన కాయల పని ఉందని అమలాపురం వెళ్ళారు. ఆ రోజు కాయల పని లేదని నాకు తెలుసు. తిరిగొచ్చి నేరుగా మంచం దగ్గరికే వచ్చి, "కేకు తెచ్చేను. నీకే. వర్తకుడు ఇవ్వలేదు," అని చెప్పి మరీ అత్తయ్యగారి చేతిలో పెట్టారు. ఆవిడ ఒక ముక్క తిని, తీపి ఎక్కువైందన్నారు. ఆయనకి షుగరు కాబట్టి గోరంత ముక్క ఇచ్చారు. ఆ సాయంత్రంలోగా కేకు పూర్తిగా అయిపోయింది. దాన్ని నేను రెండుసార్లే ముట్టుకున్నాను.

ఆ రోజునుంచి మావయ్యగారి కుర్చీ వరండాలోంచి గదిలోకి వచ్చింది. టీవీలో వార్తలు మానేశారు. పన్నెండో అధ్యాయంలో, పండగ విందుకని తెచ్చిన టర్కీ కోడి తప్పించుకుని టీ తోటలోకి పారిపోతుంది. హీరో ఒకవైపు నుంచి, హీరోయిన్ ఒకవైపు నుంచి, ముసలావిడ చేతికర్రతో వెనకనుంచి. ఆ అధ్యాయం రాసినవాళ్ళెవరో గాని దండం పెట్టాలి. ఎనిమిది పేజీలు, ఒక్క మాట వృథా లేదు. కోడి హీరో స్వెట్టర్లో దూరే చోట నేను చదవలేక ఆగిపోతే, టీచరుగారు పుస్తకం లాక్కుని క్లాసులో చదివినట్టు గట్టిగా, స్పష్టంగా చదివారు. సరిగ్గా అప్పుడే కువైట్ నుంచి మా ఆయన వీడియోకాల్ చేశారు. మావయ్యగారు ఫోన్ ఎత్తి, "ఉండరా, కోడి పారిపోయింది," అని పెట్టేశారు. పది నిమిషాల తరవాత మా ఆయన నాకు విడిగా ఫోన్ చేసి, "నాన్నగారు కోళ్ళెప్పుడు పెంచేరు?" అని అడిగారు.

ఇలా సాగుతుండగా పదిహేడో అధ్యాయం వచ్చింది. అపార్థాలు ముదిరి, హీరోయిన్ ఊరికి వెళ్ళిపోతానంటుంది. హీరో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంటాడు. గాజు ఒకటి పగులుతుంది. ఆమె రైలు టిక్కెట్టు లాక్కుని జేబులో దాచుకుంటాడు. "నా అనుమతి లేకుండా నువ్వు ఎక్కడికీ వెళ్ళలేవు," అంటాడు. ఆమె గుండె ఆనందంతో కొట్టుకుంటుంది.

నేను చదివి ఆపాను. బయట చర్చి మైకులో పాటల రిహార్సల్ జరుగుతోంది.

"ఇలా చేస్తాడనుకోలేదు వీడు," అన్నారు మావయ్యగారు. ఆయన ముఖం నిజంగా చిన్నబోయింది. పదహారు అధ్యాయాలుగా ఆ అబ్బాయిని సొంత మనిషిలా వెనకేసుకొస్తున్నారు మరి.

"అప్పట్లో ఈ పేజీ ఎన్నిసార్లు చదివేనో," అన్నారు అత్తయ్యగారు. "చూడు, ఆ మూల నూనె మరక ఉంటుంది. అన్నం వండుతూ కూడా చదివేను. ఒళ్ళు పులకరించిపోయేది. ఇప్పుడేమో ఆ పిల్లతో, లేచి పోలీస్ స్టేషనుకి పోవే అని చెప్పాలనిపిస్తోంది."

"నాకప్పుడే నచ్చలేదండీ," అన్నారు టీచరుగారు. "అందుకే మీకిచ్చేసేను."

"నచ్చని పుస్తకం నాకిచ్చేరా?"

"టర్కీ కోడి కోసం ఇచ్చేను."

కథలు రాసే మనిషిని కాబట్టి నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పాను. ఆ నవలలో ముసలైపోయినవి చాలానే ఉన్నాయి. హీరోయిన్ మల్లెపూవులా తెల్లగా ఉంటుందని ప్రతి రెండు పేజీలకూ గుర్తు చేస్తారు, మిగతా ఆడవాళ్ళకు ఏ రంగూ ఉండదు. వంటామెకు ఒక్క మాటైనా సొంతంగా లేదు. ట్రంకుకాల్‌లో ఒక మాట తప్పుగా వినపడడం మీద నాలుగు అధ్యాయాలు నడుస్తాయి, ఇప్పుడైతే ఒక్క మెసేజీతో తీరిపోతుంది. మణికట్టు సంగతి సరేసరి. కానీ వాళ్ళిద్దరూ పోట్లాడుకునే మాటలకి ఈ రోజుకీ పదునుంది. ముసలావిడ నోరు తెరిస్తే చాలు, నవ్వు ఆగదు. కోడి అధ్యాయం ఇంకో వందేళ్ళు బతుకుతుంది. ఇదంతా నేను కాస్త గంభీరంగానే చెప్పాను. ముగ్గురూ శ్రద్ధగా విన్నారు. పదమూడేళ్ళలో నా రాత గురించి ఒక్క ప్రశ్న వెయ్యని మావయ్యగారు, "నువ్వైతే ఆ టిక్కెట్టు ఏం చేసేదానివమ్మా?" అని అడిగారు.

"అతని చేతే స్టేషనుకి తీసుకెళ్ళించేదాన్నండీ. రైలు లేటని ఇద్దరూ బెంచీ మీద కూచుంటారు. అక్కడ మాట్లాడుకుంటారు."

"అలా రాయొచ్చా?"

"రాయొచ్చండీ."

"మరి రాయి. అది చదివి పెట్టు మాకు."

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున్న పనసాకుల బుట్టల్లో ఇడ్లీపిండి ఉడికించిన పొట్టిక్కలు తినేసి, ఆ బుట్టలు అవతల పారేసి, వెనకగదిలో కూచుని మూడు పేజీలు రాశాను. నా జీవితంలో అంత తేలిగ్గా ఏదీ రాయలేదు. పాత పదిహేడో అధ్యాయాన్ని వదిలేసి, నాది చదివాను. స్టేషను బెంచీ మీద హీరో నోరు విప్పి తన తప్పు ఒప్పుకునే చోట అత్తయ్యగారు, "ఆఁ, ఇప్పుడు బావున్నాడు," అన్నారు. టీచరుగారు ఒక అక్షరదోషం పట్టుకున్నారు. మావయ్యగారు రైలు ఎంతసేపు లేటో రాయమన్నారు. గంటన్నర అని రాశాను. ఆయన తృప్తి పడ్డారు.

ఆఖరి అధ్యాయం పండగ ముందురోజు మధ్యాహ్నం పూర్తయింది. పెళ్ళికి ఆమె ఒప్పుకుంటుంది. అచ్చులో ఒక మాట, దాని వెనక వరసగా పదకొండు చుక్కలు. నేను పుస్తకం మూసేలోగా అత్తయ్యగారు, "మరి ఆ పిల్ల టైపు ఉద్యోగం ఏమైందే? ఎక్కడైనా రాసేరేమో చూడు," అన్నారు. వెనక్కి తిప్పి వెతికాను. ఎక్కడా లేదు.

"ట్రాన్స్‌ఫర్ పెట్టుకుని ఉంటుందండీ," అన్నారు, నలభై ఏళ్ళు సర్కారు ఉద్యోగం చేసిన టీచరుగారు. అలాగే అనుకోవాలని అందరం ఒప్పుకున్నాం. ఆవిడ గబగబా లేచారు. ఇంట్లో పాకం పొయ్యి మీద పెట్టే టైమైందట.

పండగ రోజు భోజనం టీచరుగారింట్లోనే. ఫోటోలన్నిటిలో అత్తయ్యగారు నల్ల కళ్ళద్దాలతో సినిమా వాళ్ళలా ఉన్నారు. మావయ్యగారు ఆ ఇంటి అల్లుళ్ళిద్దరినీ చెరోపక్క కూచోబెట్టుకుని కథంతా మొదటినుంచీ చెప్పారు. కోడి దగ్గర లేచి నిలబడి చేతులు ఊపి చూపించారు.

తరవాతి వారం చెకప్‌కి ముగ్గురం ఆటోలో అమలాపురం వెళ్ళాం. డాక్టరుగారు పరీక్ష చేసి, కన్ను చక్కగా కుదురుకుందని, ఇంక నిక్షేపంగా చదువుకోవచ్చని చెప్పారు. అత్తయ్యగారి ముఖంలో సంతోషం కనిపించలేదు.

"ఎడమకన్ను ఎప్పుడు చేస్తారండీ?" అని అడిగారు.

"తొందరేం లేదమ్మా. కొందరు ఏడాది కూడా ఆగుతారు."

"సంక్రాంతి వెళ్ళగానే చేసెయ్యండి," అన్నారు ఆవిడ. "దానికి కూడా రెండు వారాలు చదవకూడదు కదండీ?"

ఆయన అవునన్నారు. ఆవిడ సంచీ సర్దుకుని లేచారు. మావయ్యగారు అప్పటికే బయట రిసెప్షన్‌లో నిలబడి తేదీ రాయించుకుంటున్నారు.